నిద్ర చెడిన విత్తనం

గంగ జాతర సెలవులు ముగిసిన మర్నాడు పొద్దున్నే పంకజాక్షి రేణిగుంట పక్కనున్న తమ ఊరి నుంచి తిరుపతి బస్సెక్కింది. ఆ రోజు ఆమె చేయదలచుకున్న పని చాలా చిన్నది. పరిశోధనా కేంద్రంలోని విత్తన విభాగానికి వెళ్లాలి. రాత్రీ పగలూ ఒకే వెచ్చదనం ఉంచే ఇనుప బీరువా తలుపు తెరవాలి. లోపలి గాజు పళ్లాల్లో ఒక్క గింజ కూడా మొలకెత్తలేదని హైదరాబాదు నుంచి వస్తున్న కమిటీకి చూపించాలి. లోకంలో అందరూ గింజ మొలిస్తే సంతోషిస్తారు. మొలవకపోతే సంతోషించే ఉద్యోగం తనొక్కతెదే అని ఆమె అప్పుడప్పుడూ తనలో తాను నవ్వుకునేది.

ఆ ఉద్యోగం ఆమె ఊరికే ఎంచుకున్నది కాదు. కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఏడు వాళ్ల నాయన గురప్ప వేసిన వేరుశెనగ సరిగ్గా పీకే వేళకు ముసురు పట్టింది. ఆ జిల్లాలో వేసే గుత్తిరకం వేరుశెనగకు ఓపిక తక్కువ. కాయ ముదిరాక భూమిలో తడి తగిలిందంటే చాలు, గింజలోపలి పిండం కళ్లు తెరిచి అక్కడికక్కడే మొలకెత్తుతుంది. వాన వెలిశాక గురప్ప ఒక చెట్టు పీకి చూస్తే ప్రతి కాయకూ తెల్లటి తోక వేలాడుతోంది. "పంట పీకదామని వస్తే ఇంగో పంట మొలిచిండాది సూడమ్మా" అని ఆయన గట్టు మీద కూలబడి నవ్వాడు. నాయన అలా నవ్వడం పంకజాక్షి అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, ఆ తర్వాత చూడదలచుకోలేదు.

అందుకే, కాయ ముదిరాక కొన్ని వారాలపాటు గింజ నిద్రపోయి, మళ్లీ విత్తే వేళకు మేలుకునే గుత్తిరకం కోసం ఆమె ఏళ్ల తరబడి మొక్కకూ మొక్కకూ సంకరం చేస్తూ వచ్చింది. ఎండలో చర్మం, దీపం కింద కళ్లు పాడుచేసుకుంది. చివరికి ఎమర్జెన్సీ పోయిన మరుసటి వేసవిలో, గుప్పెడు మొక్కలు ఆమె అడిగిన గుణం చూపించాయి. వాటి గింజలన్నీ కలిపితే దోసెడు. సగమన్నా దాచుకుంటానని ఆమె బతిమాలింది గానీ విభాగాధిపతి జయరావు ఒప్పుకోలేదు. "కమిటీ ముందర పళ్లాలు నిండుగా కనపడాల్నమ్మా. పెండ్లి విస్తట్లో మూడు మెతుకులు పెడతామా?" అన్నాడు. దోసెడు గింజలూ పళ్లాల్లో తడికాగితం మీదికి ఎక్కాయి. జాతరకు బయలుదేరే ముందు ఆమె చూసినప్పుడు అన్నీ హాయిగా నిద్రపోతున్నాయి.

కమిటీలు మన కేంద్రానికి రావడానికి ఒక్కరోజు కూడా బద్ధకించవు. కొండ పక్కనే ఉంది కదా. తనిఖీ ఒక పూట, దర్శనం ఒక పూట, రేణిగుంటలో రైలు. ఈసారి వచ్చేవాళ్లలో డాక్టర్ జ్ఞానాంబ ఉందని తెలిసి పంకజాక్షి మరీ సంబరపడింది. గింజల శాస్త్రంలో ఆమె మాటకు తిరుగులేదంటారు. పరీక్షల్లో తన మేనకోడలినే ఫెయిలు చేసిందని కూడా అంటారు. అలాంటి మనిషి చూసి బాగుందంటే ఇంక ఎవరూ కాదనలేరు.

బీరువా తలుపు తీయగానే ముందు వాసన వచ్చింది. మాగిన బంగినపల్లి వాసన. తర్వాత కింది అరలో వరిగడ్డి కనిపించింది. ఆ తర్వాత పళ్లాలు. దాదాపు ప్రతి గింజా తెల్లటి మొలక బయటికి చాపి, ఎంత ఆలస్యం చేశావన్నట్టు ఆమె వైపు చూస్తోంది.

పంకజాక్షి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. జరిగిందేమిటో ఆమెకు క్షణంలో అర్థమైంది. పండు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. కాయల గంపలో ఒక పండు పడేస్తే మిగతావన్నీ మాగేది అందుకే. అదే వాయువు నిద్రపోతున్న వేరుశెనగ గింజకు సోకితే చెవిలో నాదస్వరం ఊదినట్టే.

"ఏకాంబరం!" అని కేకేసింది.

ప్రయోగశాల అటెండరు ఏకాంబరం తలుపు సందులోంచి సగం మొహం మాత్రం చూపించాడు. మిగతా సగాన్ని తప్పించుకోవడానికి ఉంచుకున్నాడు.

"ఈ గడ్డి యాడిది?"

"ఎలకలు మేడం."

"ఎలకలు తాళం తీసుకోని లోపలికి వచ్చినాయా?"

"మన ఆఫీసు ఎలకలు మేడం. ఎన్నేండ్లుగా ఉండాయి, అన్నీ నేర్చుకోనుంటాయి."

"ఎలకలు మామిడిపండ్ల వాసన వస్తాయా?"

ఏకాంబరం పైకప్పు వైపు చూశాడు. అక్కడ కూడా జవాబు దొరకలేదు. "సారునడగండి మేడం. నా నోట్లో నుంచి ఎందుకు రప్పిస్తారు? పిల్లోళ్లు గలవాణ్ణి."

జయరావు తన గదిలో నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, దబ్బనంతో గంపలకు గోనెగుడ్డ కుడుతున్నాడు. ఆయన పని మీద అంత శ్రద్ధ చూపడం పంకజాక్షి చూడటం అదే మొదటిసారి.

"సార్, బీరువాలో మామిడికాయలు పెట్టినారా?"

"ఏ మామిడికాయలు?" అన్నాడాయన, గంప మీద మోచెయ్యి ఆనించి. ఆమె గంప వైపే చూస్తూ నిలబడేసరికి గొంతు తగ్గించాడు. "దామలచెరువు మునిరత్నం పంపించినాడులే. కమిటీవాళ్లకని. మంచోడు గానీ తొందర మనిషి, అన్నీ పచ్చివి కోసినాడు. వాళ్లొచ్చేలోగా మాగల్ల కదా? రాత్రింబగళ్లు ఒకే మాదిరి వెచ్చన ఉండేది మన బిల్డింగులో అదొకటే. సర్కారు అంత ఖర్చు పెట్టి కొనిచ్చినాక వాడుకోకపోతే ఎట్లా?"

"గింజలన్నీ మొలిచిపోయినాయి సార్."

దబ్బనం ఆగింది.

"పోయింది పోయింది. నిజం చెప్పేద్దాం సార్" అంది పంకజాక్షి. దారిలో రెండు వరండాలు నడిచేలోపు ఆమె అంతా ఆలోచించుకునే వచ్చింది. "మామిడిపండ్ల గాలికి లేచినాయంటే అంతవరకూ నిద్రపోతా ఉన్నట్టే కదా. అంతకంటే రుజువు ఇంకేం కావాల? చూపించేసి, మధ్యాన్నానికల్లా మొలకలన్నీ మళ్లో నాటేస్తాను. ఒక్కటి కూడా పోదు."

జయరావు జాలిగా చూశాడు. "మామిడిపండ్లంటే, యాడివి అంటారు. మునిరత్నం ఇచ్చినాడంటాను. మునిరత్నం ఎవురంటారు. మన విత్తనాల గోడౌను కాంట్రాక్టు అడగతా ఉండే ఆసామి అంటాను. అప్పుడు లేచేది నీ గింజలు కాదమ్మా, నేను. ఈ కుర్చీలో నుంచి." ఆయన దబ్బనాన్ని గోనెగుడ్డకు గుచ్చి లేచాడు. "ఇప్పుడు వాళ్లకు ఏం కావాల? మొలకెత్తని గింజలు. అంతే కదా? ఏకాంబరం! గేటు కాడికి పోయి, మొలకెత్తని చెనిక్కాయలు పట్రాపో!"

గేటు దగ్గర కుప్పమ్మ తోపుడుబండి మీద వేరుశెనగ అమ్ముతుంది. ఏకాంబరం వెళ్లి వచ్చేసరికి పొట్లం లోంచి ఆవిరి వస్తోంది.

"ఇవి ఉడకబెట్టినవి కదా!" అంది పంకజాక్షి.

"సారు మొలకెత్తనివి తెమ్మన్నాడు మేడం. పచ్చివయితే ఎప్పుడో ఒగప్పుడు మొలిచి మన కొంప ముంచుతాయి. ఇవైతే జన్మలో మొలవవు."

అతని మాటలో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. బయట జీపు హారన్ వినిపించింది. జయరావు స్వయంగా గింజలు ఒలిచి, కుళాయి కింద కడిగి, పళ్లాల్లో సర్దాడు. ఆమె మొలకలు పాత రేకు డబ్బాలోకి పోయి బల్ల కింద చేరాయి. గంపలు మెల్లగా జీపు వెనక్కి నడిచాయి.

కమిటీ ఛైర్మన్ తిరుమలయ్య హైదరాబాదులో పెద్ద ఆఫీసరు. విత్తనాల గురించి ఆయనకు తెలిసినంతలో అవి తినేవి. దండలు వేయించుకుని, కాఫీ తాగి, పళ్లాల ముందు నిలబడి జయరావు చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. వింటూ వింటూ అలవాటుకొద్దీ ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏమయ్యా జయరావ్, గింజ మెత్తగా ఉందే?"

"నిద్రలో ఎవరైనా మెత్తబడతారు కదండీ" అన్నాడు జయరావు.

"ఉప్పగా కూడా ఉంది."

జయరావు రెప్ప వేయలేదు. "మావి చౌడునేలలు సార్. ఉప్పును తట్టుకునే గుణం కూడా ఈ రకానికి ఉందని మాకు అనుమానం. పూర్తిగా తేలాక చెబుదామని బయటపెట్టలేదు."

"అయ్యో, అలాంటివే చెప్పాలయ్యా! రాసుకోండి, అదీ రాసుకోండి" అని తిరుమలయ్య ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. ఒక పళ్లెం అంచులదాకా ఖాళీ అయింది.

డాక్టర్ జ్ఞానాంబ మాత్రం తినలేదు. సన్నటి మనిషి. కళ్లజోడు పైకి తోసి, ఒక గింజను గోటితో నొక్కి, భూతద్దంలో చాలాసేపు చూసింది. తర్వాత పంకజాక్షి వైపు చూసింది. పంకజాక్షి నేల వైపు చూసింది.

"నిద్రపోతున్న గింజ, చచ్చిపోయిన గింజ, పైకి రెండూ ఒకలాగే ఉంటాయి" అంది జ్ఞానాంబ నెమ్మదిగా. "లేపితే లేచేదాన్నే నిద్ర అంటాం. మేము ఇప్పుడు కొండకి వెళుతున్నాం. రేపు పొద్దున రైలుకి ముందు మళ్లీ వస్తాం. వీటిని లేపి ఉంచండి. పూర్తిగా అక్కర్లేదు, కొంచెం ముక్కు కనిపిస్తే చాలు."

జీపు కొండ వైపు తిరిగేదాకా జయరావు చేతులు జోడించే ఉన్నాడు. గంపలు మోయడానికి ఏకాంబరం కూడా వెనకాల ఎక్కాడు. ధూళి సర్దుకున్నాక జయరావు లోపలికి పరుగెత్తి వచ్చాడు. అప్పటికే పంకజాక్షి రేకు డబ్బాలోని మొలకల్ని తడిగుడ్డలోకి మారుస్తోంది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"నాటడానికి తీసుకుపోతా ఉండాను సార్. ఇప్పటికే వేరు పొడుగైంది. ఈ ఎండలకు ఆగవు."

"ఆగకపోతే ఎట్లా? రేపు పొద్దున ఆ పళ్లాల్లో లేచి కూర్చోవాల్సింది అవే కదా!"

"సార్, నా దగ్గర ఉండేవే ఇవి. ఇంక విత్తనం లేదు."

"ఒక్క రాత్రికి ఏమీ కాదులే. పంకజాక్షీ, నీ మంచికే చెప్తా ఉండా. రేపు కమిటీ సరే అంటే ఈ రకం నీది. రాష్ట్రమంతా విత్తుతారు. ఒక్క రాత్రి ఓర్చుకో." ఆయన కంఠం కరిగింది. "నాకేం వస్తాది చెప్పు ఇందులో?"

పొద్దున ఆడిన అబద్ధం చచ్చిన గింజల్ని నిద్రపోతున్నాయంది. సాయంత్రానికి అదే అబద్ధం పెరిగి పెద్దదై, మేలుకున్న గింజల్ని తెచ్చి చచ్చినవాటి చోట పడుకోబెట్టమంది. పంకజాక్షి పడుకోబెట్టింది. ఏళ్లపాటు చేసిన పని ఒక మాటలో నెగ్గుతుందన్న ఆశ మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. కుప్పమ్మ గింజల్లో మిగిలినవి కిటికీలోంచి కాకులకు పోయాయి. కాకులు కూడా బాగున్నాయనే అన్నాయి.

మర్నాడు కమిటీ కొండ దిగి వచ్చింది. తిరుమలయ్య గుండు చేయించుకుని, దాని మీద చందనం పూయించుకుని, చల్లగా, శాంతంగా ఉన్నాడు. పళ్లాలు చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు. "అద్భుతం! నిన్న నేను వీటి అన్నదమ్ముల్నే కదా తిన్నాను! నిద్ర అంటే నిద్ర, లే అంటే లేవడం. మా ఆఫీసులో కూడా ఇలాంటి రకం ఉంటే ఎంత బాగుండు!"

జ్ఞానాంబ వంగి చూసింది. "జయరావుగారూ, దేనితో లేపారు?"

"మందుతోనండి."

"ఏ మందు?"

"అది... అదంతా మా పంకజాక్షి చేతి మహిమ. ఆమే చెబుతుంది" అని జయరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

పంకజాక్షి పళ్లాల వైపు చూసింది. మొలకలు వాలిపోతున్నాయి. లేతవేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఇంకొక్క పూట ఇలాగే కాగితం మీద ఉంటే దోసెడు గింజలూ కుప్పలోకే. ఏదో ఒక మందు పేరు చెప్పడం ఆమెకు పెద్ద కష్టం కాదు. నాలుగైదు తెలుసు. కానీ ఎదురుగా ఉన్నది జ్ఞానాంబ. ఆ కళ్లజోడు వెనకనుంచి చూస్తున్న చూపు ఆమెను పాసు చేయడానికే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

చెప్పేసింది. మొదటినుంచీ చెప్పింది. గంపలు, గడ్డి, బీరువా, బల్ల కింది డబ్బా, గేటు దగ్గర ఉడకబెట్టిన గింజలు, నిన్న సాయంత్రం తన చేతులతోనే మార్చిపెట్టడం, ఏదీ దాచలేదు. "అబద్ధం ఆడింది తప్పే మేడం. కానీ గింజలు అబద్ధం ఆడలేదు. మామిడిపండ్లు లేపేదాకా ఇవి నిజంగానే నిద్రపోయినాయి" అని ముగించింది.

జయరావు గోడకున్న కాలెండరును శ్రద్ధగా చదువుతున్నాడు. తిరుమలయ్య గుండు తడుముకున్నాడు.

"మామిడిపండ్లా? ఏ మామిడిపండ్లు?" అన్నాడు.

ఏకాంబరానికి ఆ ప్రశ్న తనదేననిపించింది. మేడం అంత ధైర్యంగా నిజం చెప్పడం చూసి అతనికీ ఒకసారి చెప్పి చూద్దామనిపించింది. "అవే సార్, కొండమీద కాటేజీలో మీరు తిన్నవి. టెంకలు నేనే పారేస్తిని కదా."

"అవా! అవి... ప్రసాదం అనుకున్నానయ్యా."

జ్ఞానాంబ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పంకజాక్షీ, నిన్న గింజను నొక్కగానే ఉడికిందని నాకు తెలిసింది" అంది. "నువ్వు నిజం చెబుతావా లేదా అని చూడటానికే రాత్రి గడువిచ్చాను. చెప్పావు. చాలా సంతోషం. నీ పని కూడా మంచి పని. ఈ గింజలు నిద్రపోయే ఉంటాయి, నాకు సందేహం లేదు."

పంకజాక్షి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యెత్తి మొక్కబోయింది.

"కానీ కమిటీ రాసేది నేను నమ్మినదాన్ని కాదు, రుజువైనదాన్ని" అంది జ్ఞానాంబ, ఆ చెయ్యి పైకి లేవకముందే. "వీటిని లేపింది మామిడిపండ్లని రాయాలి. మామిడిపండ్లని రాస్తే, అవి ఎక్కడివి, చివరికి ఎక్కడికి పోయాయి అని కూడా రాయాలి." ఆమె ఒక్క క్షణం కిటికీ బయటికి చూసింది. "నా గంప నిన్ననే స్టేషన్‌కి పంపించేశాను. మనవళ్లకి బంగినపల్లి అంటే ప్రాణం."

"అందుకని మేడం?"

"అందుకని మామిడిపండ్లు లేవు. మామిడిపండ్లు లేవంటే గింజలు వాటంతట అవే మొలిచాయి. వాటంతట అవే మొలిచే గింజకి నిద్రగుణం లేదు. నువ్వే ఆలోచించు, ఇందులో తర్కం ఎక్కడైనా తప్పిందా?"

పంకజాక్షి ఆలోచించింది. చదువుకున్న మనిషి కాబట్టి ఎక్కడా తప్పలేదని ఒప్పుకోక తప్పలేదు.

రైలు వేళ అయిందని అందరూ లేచారు. పంకజాక్షి తయారుచేసిన రకానికి నిద్రగుణం లేదని, ఆమె పనిలో అజాగ్రత్త కనిపించిందని, ఇంకెక్కడికైనా మార్చడం మంచిదని తేల్చారు. అలాగని కమిటీ వట్టి చేతులతో పోలేదు. నిన్న ఛైర్మన్‌గారు స్వయంగా రుచి చూసిన ఉప్పును తట్టుకునే గుణం మీద జయరావు పరిశోధన కొనసాగించాలని, దానికి వేరే నిధులు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ వేళ గేటు దగ్గర కుప్పమ్మ ఎప్పటిలాగే కాయలు ఉడకబెట్టుకుంటోంది.

పంకజాక్షి పళ్లాల్లోని మొలకల్ని తడిగుడ్డలో చుట్టుకుని, మధ్యాహ్నపు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటు ఆమె "ఏముందమ్మా అందులో, పసిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకోనుండావు?" అని అడిగితే గుడ్డ మీద ఎండ పడకుండా కొంగు కప్పింది. బావి కింద మడిలో తండ్రీ కూతుళ్లిద్దరూ వాటిని ఒక్కొక్కటే నాటారు. ఎక్కువ భాగం ఎండకు మాడిపోయాయి. బతికినవి ఒక సాలుకు కూడా చాలలేదు.

"ఇందుకేనా అమ్మా నువ్వు ఇన్నేండ్లు సదివింది?" అని గురప్ప ఎగతాళిగా కాదు, బాధగానే అడిగాడు.

"ఇంత మిగిలింది కదా నాయనా" అంది ఆమె.

ఆమెను చెరుకు విభాగానికి మార్చారు. చెరుకును గింజతో విత్తరు, ముక్కలు నాటుతారు. విత్తనాల శాస్త్రం చదివిన మనిషికి అక్కడ చేయడానికి ఏమీ లేదు, చెడగొట్టడానికి కూడా ఏమీ లేదు. ఆమె కణుపులు లెక్కబెడుతూ ఉండిపోయింది. సెలవు దొరికినప్పుడల్లా మాత్రం బావి కింద మడికి వెళ్లి, ఏ మొక్క గింజ ఎంత నిద్రపోతోందో చూసి, మంచివి ఏరి నాయనకు ఇచ్చి వచ్చేది. ఆ సాలు మడి అయింది. మడి చేను అయింది. ఒక ఏడు దీపావళి ముంగిట ఐప్పసి నెల వానలు కోత మీద పడి, చుట్టుపక్కల వేరుశెనగంతా భూమిలోనే మొలకెత్తిపోయింది. గురప్ప చేలో మాత్రం చెట్టు పీకితే ఒక్క కాయకూ తోక లేదు. పక్క చేలవాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. మరుసటి ఏడు అందరూ గురప్ప దగ్గరే విత్తనం తీసుకున్నారు. దానికి 'నిద్రకాయ' అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు.

ఊళ్లో మాట ఆఫీసుకు చేరడానికి ఎంతసేపు? ఒకనాడు జయరావు జీపు వేసుకుని వచ్చాడు. చేను చూశాడు, కాయ చిదిమాడు, ఒక మూట కట్టించుకుని పోయాడు. కొన్నాళ్లకు, రేణిగుంట ప్రాంతపు రైతుల మధ్య అనాదిగా ఉన్న స్థానిక రకాన్ని జయరావుగారు వెలికితీశారని కేంద్రమంతా పొక్కింది. పంకజాక్షి చెరుకు తోటలోంచి అలాగే నేరుగా ఆయన గదికి వెళ్లింది.

"సార్, అది నా రకం. మీకు తెలుసు."

జయరావు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఇప్పుడు ఆయన ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు. "నీ రకానికి నిద్రగుణం లేదని కమిటీ తేల్చింది కదమ్మా?"

"తేల్చింది సార్, కానీ..."

"దీనికి నిద్రగుణం ఉండాది. అవునా, కాదా?"

"ఉండాది సార్."

"మరి లేనిదీ ఉండేదీ రెండూ ఒకటే ఎట్లయితాయి? డాక్టర్ జ్ఞానాంబ కూడా ఇదే అనింది. ఆమెనే అడిగి సూడు కావాలంటే."

ఆ వేసవిలో తిరుపతిలో రైతు సభ జరిగింది. షామియానా కింద కొత్త రకాన్ని విడుదల చేశారు. జయరావుకు పెద్ద దండ వేశారు. తిరుమలయ్య ఈసారి జుట్టుతో వచ్చి, శాస్త్రజ్ఞుల అన్వేషణ గురించి చాలాసేపు మాట్లాడాడు. చివర గురప్పను వేదిక మీదికి పిలిచి, దాని విలువ తెలియకుండానే అమూల్యమైన విత్తనాన్ని కాపాడిన అమాయక రైతుగా పరిచయం చేసి శాలువా కప్పారు. గురప్ప మైకు దగ్గరికి వంగి "ఇది మా పాప..." అనేలోగా చప్పట్లు మొదలయ్యాయి. పంకజాక్షికి ఆ రోజు రైతుల్ని వరసల్లో కూర్చోబెట్టే పని వేశారు. వెనక వరసలోవాళ్లకు కనిపించడం లేదంటే ఆమె పక్కకు జరిగి నిలబడింది.

తిరుగు బస్సులో గురప్ప శాలువాను మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తెలియకుండా కాపాడినానంటనే నేను" అన్నాడు రేణిగుంట దాటాక. "తెలిసి కాపాడుంటే?"

"తెలిసుంటే శాలువా రాదు, నాయనా" అంది పంకజాక్షి.